జీతం ఉంది, కొలువు లేదు

1904లో యేల్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకు జేమ్స్ హోగన్ కెప్టెన్. అతనికి చదువు ఫీజు లేదు. క్యాంపస్‌లో పేరున్న వసతిగృహంలో గది ఇచ్చారు. సీజన్ ముగిశాక సొంత డబ్బు ఖర్చు కాకుండా క్యూబా వెళ్లి వచ్చాడు. బేస్‌బాల్ పోటీల్లో స్కోరు కార్డులు అమ్ముకునే హక్కులో వాటా దక్కింది. వీటన్నిటికీ తోడు, ఊళ్లో అమ్ముడయ్యే సిగరెట్ల మీద అమెరికన్ టొబాకో కంపెనీ అతనికి కమీషన్ ముట్టజెప్పేది. కెప్టెన్ మాట మీద కుర్రాళ్లు ఆ సిగరెట్లే కాలుస్తారని కంపెనీ లెక్క. మరుసటి ఏడాది మెక్‌క్లూర్స్ పత్రిక ఈ సంగతులు బయటపెట్టినప్పుడు పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. 116 ఏళ్ల తర్వాత, 2021 జూలై 1 నుంచి, కాలేజీ ఆటగాడు తన పేరునూ బొమ్మనూ వ్యాపార ప్రకటనలకు అమ్ముకోవచ్చని అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అనుమతించింది. అప్పుడూ అవే ముక్కులు, అవే వేళ్లు. డబ్బు వచ్చి కాలేజీ ఫుట్‌బాల్‌ను పాడుచేసిందనీ, ఏటా జట్టు మారే కుర్రాళ్లతో విధేయత అనేది పోయిందనీ ఇప్పుడు అక్కడ రోజూ వినిపించే మాట. చరిత్ర చూస్తే డబ్బూ కొత్త కాదు, జట్లు మారడమూ కొత్త కాదు. ఇప్పుడు కనిపిస్తున్న గందరగోళానికి వేరు మరోచోట ఉంది. ఆటగాడిని పనివాడిగా ఒప్పుకోకూడదని 1950లలో తీసుకున్న నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయాన్ని విశ్వవిద్యాలయాలు ఈ రోజుకీ వదల్లేదు.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. ఇది అది కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని, తలకు హెల్మెట్, ఒంటికి కవచం తొడుక్కుని, ఎదుటివాణ్ని ఢీకొని నేలకూల్చే ఆట. దీన్ని పెంచి పోషించింది వృత్తి క్లబ్బులు కావు, కాలేజీలు. తొలి పోటీగా చెప్పుకునే రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల ఆట 1869 నవంబరు 6న జరిగింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది 1920లో. మధ్యలో ఉన్న యాభై ఏళ్లలోనే కాలేజీ జట్టు ఊరికి పరువుగా, పూర్వవిద్యార్థులకు వ్యసనంగా మారిపోయింది. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో ఇవాళ లక్షమందికి పైగా కూర్చుంటారు. ఐపీఎల్ వేలం చూసి పెరిగిన తెలుగు పాఠకుడికి ఇరవై ఏళ్ల కుర్రాడికి కోట్లు పలకడం వింత కాదు. కొనేది విశ్వవిద్యాలయం కావడమే వింత. అమెరికన్లకు మాత్రం ఆ రెండోదే మామూలు విషయం, మొదటిదే వింత.

నిజానికి అక్కడి కాలేజీ క్రీడ పుట్టుకలోనే వ్యాపారం ఉంది. 1852లో హార్వర్డ్, యేల్ కాలేజీల మధ్య న్యూ హాంప్‌షైర్‌లోని ఒక సరస్సులో జరిగిన పడవ పందెమే అమెరికాలో తొలి అంతర్ కళాశాల పోటీ. దాని ఖర్చంతా పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ. కొత్తగా వేసిన లైనుకు ప్రయాణికులు కావాలి కదా! ఫుట్‌బాల్ వచ్చాక ఆటగాళ్ల సంత కూడా వచ్చింది. చదువుతో సంబంధం లేకుండా ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్లి ఆడేవాళ్లను ఆనాటి పత్రికలు తిరుగుబోతు ఆటగాళ్లని ఎద్దేవా చేసేవి. వారిలో ఫీల్డింగ్ యోస్ట్ కథ ముచ్చటైనది. 1896లో అతను వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థి. సరిగ్గా పెద్ద పోటీకి ముందు లఫాయెట్ కాలేజీలో చేరాడు. వరుసగా 34 ఆటలు గెలిచి ఎదురులేకుండా ఉన్న పెన్సిల్వేనియా జట్టును ఓడించడంలో పాలుపంచుకున్నాడు. తర్వాత చల్లగా వెస్ట్ వర్జీనియాకు తిరిగి వచ్చి చదువు పూర్తి చేశాడు. ఈయనే ఆ తర్వాత మిషిగన్ కోచ్‌గా చరిత్రకెక్కాడు. ఇప్పుడు సీజన్ అయ్యాక జట్టు మారే కుర్రాడిని నిలువునా తిట్టేవాళ్లు యోస్ట్ పేరును మాత్రం గౌరవంగానే తలుచుకుంటారు.

ఎన్‌సీఏఏ పుట్టింది డబ్బును అడ్డుకోవడానికి కాదు, చావులను ఆపడానికి. 1905 సీజన్‌లో మైదానంలో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. ఆ కదలికలోంచి 1906లో ఒక సంఘం ఏర్పడింది. 1910లో అది ఎన్‌సీఏఏ అని పేరు మార్చుకుంది. ఆట నియమాలతో పాటు ఒక ఆదర్శాన్ని కూడా తలకెత్తుకుంది: డబ్బు ఆశించకుండా ఆడేవాడే అసలైన క్రీడాకారుడు అని. ఈ ఆదర్శం ఇంగ్లండు నుంచి దిగుమతి అయింది. అక్కడ హెన్లీ పడవ పందేల్లో చేతిపనులవాళ్లనూ కూలీలనూ పాల్గొననివ్వని నియమం ఉండేది. కండలు పెంచుకోవడానికి వాళ్ల పనే సాయపడుతుందట, అది అన్యాయమట! అసలు సంగతి, పెద్దింటి బిడ్డలు పనివాళ్ల చేతిలో ఓడిపోకూడదు. అమెరికాలో ఈ ఆదర్శానికి బలైన వాళ్లలో పేరున్నవాడు జిమ్ థార్ప్. కార్లైల్ ఇండియన్ స్కూలు తరఫున ఫుట్‌బాల్ ఆడిన ఈ ఆదివాసీ యువకుడు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు వేసవుల్లో చిన్నపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడని తేలడంతో 1913లో వాటిని లాగేసుకున్నారు. అలా వేసవిలో ఆడిన కాలేజీ కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. తెలివైనవాళ్లు మారుపేర్లు పెట్టుకున్నారు, థార్ప్ సొంతపేరుతోనే ఆడాడు.

ఆదర్శం ఎంత గట్టిగా చెప్పుకున్నా డబ్బు ఆగలేదు. 1929లో కార్నెగీ ఫౌండేషన్ వందకు పైగా కాలేజీలను పరిశీలించి ఒక నివేదిక వేసింది. నాలుగింట మూడు చోట్ల ఆటగాళ్లకు ఏదో ఒక రూపంలో డబ్బు ముడుతోందని తేల్చింది. పూర్వవిద్యార్థుల చందాలు, చేయని పనికి జీతాలు, తీర్చక్కర్లేని అప్పులు, ఇలా రకరకాల దారులు. 1935లో ఆగ్నేయ రాష్ట్రాల కూటమి ఎస్‌ఈసీ ముసుగు తీసేసి, ఆటకు స్కాలర్‌షిప్ ఇస్తామని బాహాటంగా ప్రకటించింది. ఉత్తరాది కాలేజీలు మండిపడ్డాయి. 1948లో ఎన్‌సీఏఏ ఒక కట్టడి తెచ్చింది: ఇంటి పరిస్థితి చూసి మాత్రమే సాయం చేయాలి, ఆట చూసి కాదు. దాన్ని పాటించబోమని ఏడు కాలేజీలు ఎదురుతిరిగాయి. వాటిని వెలివేయాలని 1950లో ఓటింగ్ పెడితే 111 మంది సరే అన్నారు, 93 మంది కాదన్నారు. మూడింట రెండొంతుల మెజారిటీ రాలేదు. మరుసటి ఏడాదే ఆ నియమం అటకెక్కింది. చివరికి 1956లో అందరూ రాజీపడ్డారు. ఆట చూసే స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. చదువు, గది, భోజనం, పుస్తకాలు, వాటితో పాటు బట్టలుతుక్కోవడానికి నెలకు 15 డాలర్లు. అంతకుమించి ఒక్క డాలరు కూడా వీల్లేదు. ఈ రాజీని చాలామంది ఔత్సాహిక క్రీడకు రక్షణగా వర్ణిస్తారు. నేను దాన్ని వేరుగా చదువుతాను. ఆడినందుకు ప్రతిఫలం ఇవ్వాలని ఒప్పుకున్న తేదీ అదే. కొనేవాళ్లంతా కూర్చుని ఆ ప్రతిఫలానికి గరిష్ఠ ధర నిర్ణయించుకున్న తేదీ కూడా అదే. ఊళ్లో మిల్లర్లందరూ కలిసి వడ్లకు ఇంతకుమించి ఇవ్వొద్దని మాట్లాడుకుంటే రైతు దాన్ని ఏమంటాడో, న్యాయస్థానాలు అరవై ఐదేళ్ల తర్వాత దీన్నీ అదే అన్నాయి.

అయితే ధర కన్నా ముఖ్యమైన మలుపు ఆ దశాబ్దంలోనే, కొలరాడో రాష్ట్రంలోని రెండు పరిహారం కేసుల్లో వచ్చింది. డెన్వర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నెమెత్ అనే విద్యార్థికి ఫుట్‌బాల్ సాధనలో నడుముకు దెబ్బ తగిలింది. అతనికి క్యాంపస్‌లో ఇచ్చిన పని, భోజనం, వసతి అన్నీ ఫుట్‌బాల్ ఆడటంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి అతను ఉద్యోగేననీ, పరిహారం ఇవ్వాలనీ రాష్ట్ర సుప్రీంకోర్టు 1953లో చెప్పింది. 1955లో ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడు రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పరిహారం కోరింది. ఈసారి అదే కోర్టు 1957లో కాదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కాబట్టి అతను ఉద్యోగి కాడంది. ఈ రెండు తీర్పుల మధ్య కాలంలో ఎన్‌సీఏఏ అప్రమత్తమైంది. 1951 నుంచి 1988 దాకా దాన్ని నడిపిన వాల్టర్ బయర్స్ ఆధ్వర్యంలో "విద్యార్థి క్రీడాకారుడు" అనే పేరును ప్రతి కాగితం మీదా, ప్రతి ప్రకటనలోనూ వాడించారు. పరిహారం దావాల భయంతోనే ఆ పని చేశామని బయర్స్ 1995లో రాసిన పుస్తకంలో స్వయంగా చెప్పుకున్నాడు. 1974లో అలబామాతో ఆడుతూ మెడ విరిగి పక్షవాతం పాలైన టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయ ఆటగాడు కెంట్ వాల్‌డ్రెప్ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా, 2000లో చివరి మాట అదే అయింది: నువ్వు ఉద్యోగివి కావు. ఒక కుటుంబానికి పరిహారం ఎగ్గొట్టడానికి అల్లిన వాదం ఇంత దూరం వచ్చింది. ఆదర్శాల గురించి ఉపన్యాసాలు వింటున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఆటగాడి ధర 1956లో ఆగిపోయింది కానీ ఆట ధర ఆగలేదు. ఏ వారం ఏ జట్టు టీవీలో కనిపించాలో అప్పటిదాకా ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. 1984లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ పాలకమండలి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని 7-2 తేడాతో కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరు బైరన్ వైట్. ఆయన ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయంలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఈ తలుపు తెరిస్తే కాలేజీ ఫుట్‌బాల్ పూర్తిగా వ్యాపారమవుతుందని ఆయన హెచ్చరించాడు. హెచ్చరిక అక్షరాలా నిజమైంది. 2022లో బిగ్ టెన్ అనే ఒక్క కూటమి ఏడేళ్లకు కుదుర్చుకున్న టీవీ ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను మధ్యలో పంపించేయడానికి ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైగా. పని చేయొద్దని చెప్పడానికి అంత! ఆటగాడికి మాత్రం స్కాలర్‌షిప్పే. ఆ తేడా పెరిగేకొద్దీ దొంగదారులు పెరిగాయి. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం ఒక దాత ఇచ్చిన రహస్య నిధి నుంచి ఆటగాళ్లకు నెలనెలా డబ్బు ముట్టజెప్పి దొరికిపోయింది. 1987 సీజన్ మొత్తం ఆడకుండా ఎన్‌సీఏఏ నిషేధించింది. పట్టుబడ్డాక కూడా కొంతకాలం చెల్లింపులు ఆపొద్దన్న పెద్దల్లో ఆ తర్వాత టెక్సస్ గవర్నరుగా గెలిచిన బిల్ క్లెమెంట్స్ ఉన్నాడు. మాట ఇచ్చాక తప్పకూడదన్నది వాళ్ల న్యాయం. నిజానికి ఆ మొత్తం కథలో ఒప్పందం గురించి ఎవరైనా నిజాయతీగా ఆలోచించారంటే అక్కడే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అమెరికాలో పిల్లల చదువు ఎంత ఖరీదో అప్పు తెచ్చి పంపిన తెలుగు తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగేళ్ల చదువు, తిండి, గది ఉచితంగా ఇస్తే అది జీతం కాదా అని అడిగితే తప్పులేదు. అది జీతమే. దాని విలువ చిన్నదీ కాదు. కానీ దాన్ని జీతమని ఒప్పుకుంటే మిగతావి కూడా ఒప్పుకోవాలి కదా. 1973 నుంచి ఆ స్కాలర్‌షిప్‌ను ఏటా పొడిగించే పద్ధతి పెట్టారు, అంటే కోచ్‌కు నచ్చకపోతే మరుసటి ఏడాది అది ఉండేది కాదు. దెబ్బ తగిలితే పరిహారం లేదు. వేరే కాలేజీ ఇంకొంచెం ఇస్తానంటే తీసుకునే వీలు ఉండేది కాదు. తన సొంత వస్తువు అమ్ముకున్నా శిక్ష పడేది. ఒహాయో స్టేట్ ఆటగాళ్లు తాము గెలుచుకున్న ఉంగరాలు, జెర్సీలు అమ్ముకుని, పచ్చబొట్లు చవగ్గా పొడిపించుకున్నందుకు 2011లో ఐదేసి ఆటలు కూర్చోవాల్సి వచ్చింది. అదే విశ్వవిద్యాలయం అవే జెర్సీలను దుకాణంలో అమ్ముకుంటూనే ఉంది. పైగా పెద్ద జట్లలో ఆడేవాళ్లలో నల్లజాతి కుర్రాళ్ల సంఖ్య ఎక్కువ. వాళ్ల ఆటతో వచ్చిన డబ్బుతో కోచ్‌ల జీతాలూ, ఎక్కువగా శ్వేతజాతి మధ్యతరగతి పిల్లలు ఆడే ఇతర క్రీడల ఖర్చులూ గడిచాయి. స్కాలర్‌షిప్ విలువైనదన్నది నిజమే అయినా, ఇంకెవరూ ఎక్కువ ఇవ్వకూడదన్న నిషేధానికి అది సమాధానం కాదు.

కోటకు బీటలు కోర్టుల్లోనే పడ్డాయి. వీడియో గేములో తన పోలికతో ఉన్న బొమ్మను చూసుకున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఒబానన్ 2009లో దావా వేశాడు. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ నియమాలు పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. అదే ఏడాది నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు కార్మికసంఘం పెట్టుకుంటామని ముందుకు వచ్చారు. ప్రాంతీయ కార్మిక అధికారి వాళ్లు ఉద్యోగులేనన్నాడు. 2015లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు అవునని గానీ కాదని గానీ చెప్పకుండా ఇది మా పరిధి కాదని తప్పుకుంది. నా దృష్టిలో చేజారిన పెద్ద అవకాశం అదే. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆటగాళ్లు తమ పేరును అమ్ముకోవచ్చని చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు వెంటపడ్డాయి. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అది నిజానికి చదువుకు సంబంధించిన సదుపాయాల గురించిన చిన్న కేసు. కానీ పనివాళ్లకు న్యాయమైన ధర ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని చెప్పుకునే వ్యాపారం ఇంకేదైనా అయితే చట్టం ఒప్పుకోదని జస్టిస్ కావనా విడిగా రాసిన అభిప్రాయం ఎన్‌సీఏఏ వెన్ను విరిచింది. మరో పది రోజులకే ఆటగాళ్ల ప్రకటనల బేరాలకు అనుమతి వచ్చింది. ప్రకటనల పేరు చెప్పి దాతలు కలెక్టివ్ అనే నిధులు పెట్టుకుని ఆటకే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. పాత రహస్య నిధి పద్ధతే ఇది, కాకపోతే ఈసారి బోర్డు కట్టుకుని కూర్చుంది.

జట్టు మారడం కూడా ఇదే దారిలో వచ్చింది. పాత నియమం ప్రకారం వేరే కాలేజీకి వెళ్లిన ఫుట్‌బాల్ ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2018 దాకా మరో కాలేజీతో స్కాలర్‌షిప్ మాట్లాడుకోవాలంటే ఉన్న కాలేజీ అనుమతి కావాలి. కోచ్‌కు ఇలాంటి అడ్డేమీ లేదు, ఇవాళ ఇక్కడ రాజీనామా చేసి రేపు ఎదుటి జట్టుకు వెళ్లొచ్చు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. ఆటగాడు పేరు నమోదు చేసుకుంటే చాలు, అందరూ మాట్లాడొచ్చు. 2021లో ఒకసారి ఖాళీగా కూర్చోకుండానే మారొచ్చన్నారు. రెండోసారి మారడానికి అడ్డుపెట్టిన నియమాన్ని 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ జడ్జి ఆపేశాడు. మరుసటి వసంతానికి ఎన్నిసార్లైనా మారొచ్చని ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ 2022 నుంచి వరుసగా నాలుగేళ్లు కాలేజీ మారిన వాళ్లకే దక్కింది: కేలెబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్, ట్రావిస్ హంటర్, ఫెర్నాండో మెండోజా.

దీనివల్ల ధనిక జట్లే అన్నీ గెలుస్తాయని ఒక భయం ఉండేది. ఎన్‌సీఏఏ కోర్టుల్లో దశాబ్దాలుగా చెప్పిన వాదం కూడా ఇదే. రుజువులు అటు మొగ్గడం లేదు. జీతాలు లేని పాత రోజుల్లోనే అలబామా 2009 నుంచి 2020 వరకు 12 సీజన్లలో ఆరు టైటిళ్లు పట్టుకుపోయింది. ఇవ్వగలిగింది స్కాలర్‌షిప్ ఒక్కటే అయినప్పుడు కుర్రాడు సహజంగానే పేరున్న చోటికి, మంచి కోచ్ ఉన్న చోటికి వెళ్తాడు. అక్కడ రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నా బయటికి కదల్లేడు. ఇప్పుడు ఆ బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ఇండియానా విశ్వవిద్యాలయం 700కు పైగా ఓటములతో పెద్ద జట్లలో అట్టడుగున ఉండేది. 2023 చివర్లో జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి కోచ్ కర్ట్ సిగ్నెటీ వచ్చాడు, తన పాత ఆటగాళ్లను పదిమందికి పైగా వెంట తెచ్చుకున్నాడు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి మెండోజా వచ్చాడు. 2025 సీజన్‌లో ఒక్క ఆటా ఓడకుండా, 2026 జనవరిలో మయామిని ఓడించి ఇండియానా జాతీయ విజేత అయింది. ఇలాంటిది పాత వ్యవస్థలో ఊహకందేది కాదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇండియానాకు బిగ్ టెన్ టీవీ డబ్బుంది, జేమ్స్ మాడిసన్‌కు లేదు. చిన్న కాలేజీలు కష్టపడి తీర్చిదిద్దిన కుర్రాళ్లు ఎదగగానే ఎగిరిపోతున్నారు, ఆ శ్రమకు చిల్లిగవ్వ రావడం లేదు. యూరప్ ఫుట్‌బాల్‌లో అయితే కొనే క్లబ్బు అమ్మే క్లబ్బుకు సొమ్ము కడుతుంది, ఎందుకంటే అక్కడ ఆటగాడికి కాలపరిమితి ఉన్న ఉద్యోగ ఒప్పందం ఉంటుంది. ఇక్కడ అది లేదు కాబట్టి పరిహారమూ లేదు. చదువు సంగతి కూడా అంతే. మూడు కాలేజీలు మారినవాడికి పాత చోట పూర్తిచేసిన కోర్సులన్నీ కొత్త చోట లెక్కకు రావు. డిగ్రీ వెనకబడుతుంది. ఈ నష్టం నిజమైనది, దాన్ని నేను తోసిపుచ్చను.

ఒప్పందం లేని బేరం ఎలా ఉంటుందో 2024లో లాస్ వేగస్‌లో తేటతెల్లమైంది. నెవాడా విశ్వవిద్యాలయపు అక్కడి జట్టు మూడు ఆటలకు మూడూ గెలిచి ఊపు మీద ఉండగా, తనకు నోటిమాటగా ఒప్పుకున్న లక్ష డాలర్లు ముట్టలేదంటూ మైదానంలో జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ మిగతా సీజన్ ఆడనని వెళ్లిపోయాడు. అలాంటి ఒప్పుకోలు ఏదీ లేదని విశ్వవిద్యాలయం అంది. కాగితం లేదు కాబట్టి ఎవరి మాట వాళ్లదే. ఇలాంటి వాటికి అడ్డుకట్ట వేస్తామంటూ వచ్చిందే, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీ. అదే న్యాయమూర్తి విల్కెన్ 2025 జూన్ 6న దాన్ని ఆమోదించారు. గతంలో ఆడినవాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల బకాయి ఇవ్వాలి. 2025-26 నుంచి ప్రతి విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లకు నేరుగా ఏటా 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు, ఆ గరిష్ఠ పరిమితి ఏటేటా పెరుగుతుంది. ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. దాతలతో చేసుకునే 600 డాలర్లు, అంతకు మించిన బేరాలను ఒక కేంద్రం పరిశీలించి ఆమోదించాలి. 1956 తర్వాత ఇంత పెద్ద మార్పు లేదు. కానీ 1956నాటి లోపమే ఇందులోనూ ఉంది. గరిష్ఠ ధర మళ్లీ కొనేవాళ్ల మధ్యే, కోర్టు రాజీ రూపంలో తేలింది. రేపు చేరబోయే ఆటగాళ్ల తరఫున బేరమాడిన సంఘమంటూ ఏదీ లేదు.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోనూ జీతాలకు పరిమితి ఉంది. ఎవరు ఏ జట్టుకు వెళ్లాలో నిర్ణయించే డ్రాఫ్ట్ ఉంది, ఎప్పుడు జట్టు మారొచ్చో నియమం ఉంది. కాలేజీ నియమాలను కూల్చిన పోటీ చట్టమే వాటినీ కూల్చాలి కదా? కూల్చదు. అవి ఆటగాళ్ల సంఘంతో కూర్చుని సంతకాలు చేసుకున్న నియమాలు కాబట్టి కార్మిక చట్టం వాటికి రక్షణ ఇస్తుంది. కాలేజీలు కోరుకునే స్థిరత్వమంతా ఆ ఒక్క తలుపు వెనకే ఉంది. ఆ తలుపు తీయాలంటే ఆటగాడు ఉద్యోగి అని ఒప్పుకోవాలి. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 13-2 ఓట్లతో సంఘం పెట్టుకుంటే కాలేజీ బేరానికి కూర్చోలేదు. కార్మిక బోర్డు కూర్పు మారబోతోందని తెలిసి ఆ ఏడాది చివర వాళ్లే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. కాలేజీ ఆటగాళ్లు ఉద్యోగులయ్యే అవకాశం లేకపోలేదని ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అదే ఏడాది జూలైలో అంది, కేసు ఇంకా తెగలేదు. విశ్వవిద్యాలయాలు మాత్రం అమెరికా చట్టసభ కాంగ్రెస్ చుట్టూ తిరుగుతున్నాయి. పోటీ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వండి, ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టం చేయండి అని అడుగుతున్నాయి. మన విద్యార్థులకు బాగా తెలిసిన ఎఫ్-1 వీసా ఈ వాదంలోని డొల్లతనాన్ని బయటపెడుతుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి బంతి తన్నే కుర్రాడు కూడా ఆ వీసా మీదే ఉంటాడు. అతనికి అందరిలాగే డబ్బు ఇద్దామంటే విశ్వవిద్యాలయం లాయర్లు తటపటాయిస్తారు, వలస అధికారులు దాన్ని అనుమతి లేని పనిగా చూస్తారేమోనని. పక్కన ఆడే అమెరికన్ విషయంలో పని కానిది ఇతని విషయంలో పనిగా కనిపిస్తుందన్నమాట.

ఆటగాడిని ఉద్యోగిగా ఒప్పుకోవాలన్న మాటకు బలమైన ఎదురువాదాలు రెండున్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఉద్యోగులు రాష్ట్ర చట్టాల కిందికి వస్తారు, కొన్ని దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లకు సామూహిక బేరం చేసే హక్కే లేదు. ఒక రాష్ట్రంలో సంఘం ఉండి పక్క రాష్ట్రంలో లేకపోతే కూటమి ఎలా నడుస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే, దానికి కాంగ్రెస్ మాత్రమే జవాబు చెప్పగలదు. ఎలాగూ కాంగ్రెస్ దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి మినహాయింపుకు బదులు ఈ మార్గం అడగొచ్చు. రెండోది ఇంకా బరువైనది. ఫుట్‌బాల్ డబ్బుతోనే ఈత, కుస్తీ, పరుగు, మహిళల సాకర్ బతుకుతున్నాయి. అమెరికా ఒలింపిక్ పతకాల్లో పెద్ద వాటా ఆ ఈతకొలనులదే. హౌస్ రాజీ బకాయిల్లో ముప్పావు వంతు ఫుట్‌బాల్ వాళ్లకే వెళ్తుండటంతో, 1972నాటి సమానత్వ చట్టం టైటిల్ నైన్ పేరు చెప్పి మహిళా క్రీడాకారులు అప్పీలుకు వెళ్లారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈతకొలను నడపడం విశ్వవిద్యాలయం బాధ్యత అయితే ఆ ఖర్చు విశ్వవిద్యాలయం భరించాలి. తలకు దెబ్బలు తింటున్న ఒక కుర్రాడి వాటా లోంచి దాన్ని చాటుగా తీయడం ఎంతో కాలంగా జరుగుతోంది కాబట్టి అదే ధర్మమైపోదు. కోచ్‌ను మాన్పించడానికి కోట్లు దొరికిన చోట కొలనుకు దొరకవనడం కూడా నమ్మబుద్ధి కాదు.

ఇంతలో విశ్వవిద్యాలయాలే ఒప్పందాల వైపు నడుస్తున్నాయి. ఒప్పుకోకుండానే! డబ్బు నేరుగా ఇవ్వడం మొదలయ్యాక కాగితాలు రాయించుకుంటున్నారు. ఇన్నేళ్లు ఉండాలి, మధ్యలో వెళ్తే ఇంత తిరిగి కట్టాలి అనే షరతులు వాటిలో వచ్చాయి. 2025 జూన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, దాని తరఫు కలెక్టివ్ కలిసి మయామి విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. తమతో రెండేళ్ల చెల్లింపు ఒప్పందం కుదుర్చుకున్న ఆటగాడిని మయామి ఆశపెట్టి లాక్కుపోయిందన్నది ఆరోపణ. ఒకరి దగ్గర ఒప్పందంలో ఉన్న మనిషిని ఇంకొకరు చెడగొట్టారని యజమానులు వేసుకునే పాతకాలపు దావా ఇది. ఇప్పుడు విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లతో రాయించుకుంటున్న ఈ ఒప్పందాల్లో సాధారణంగా ఇంకో వాక్యం కూడా ఉంటుంది: దీనివల్ల ఆటగాడు విశ్వవిద్యాలయానికి ఉద్యోగి కాడు.